రాయలు ఎక్కిన కొండలు

కృష్ణదేవరాయలు అంటే నా తలలో మొదట కనిపించేది ఎన్టీఆర్. ఆదివారం మధ్యాహ్నాలు మా తాతయ్య పెట్టే పాత సినిమాల పుణ్యం అది. తెనాలి రామకృష్ణలో రాయలు ఆయనే, మహామంత్రి తిమ్మరుసులోనూ ఆయనే. మా నాన్నని అడిగితే ఆదిత్య 369లో బాలకృష్ణ అంటారు. ఎవరి రాయలు ఎవరైనా అందరికీ గుర్తుండేది సభే. కిరీటం, మీసం, పక్కన కవులు, ఎదురుగా నాట్యం. అసలు మనిషి జీవితం చదవడం మొదలుపెడితే మాత్రం సభ కన్నా ముందు కొండలు వస్తాయి. 1509లో గద్దె ఎక్కిన ఈ రాజు, 1513 నుంచి దాదాపు మూడేళ్ళు ఒక కోట కింద నుంచి ఇంకో కోట కిందకి గుడారాలు మార్చుకుంటూ ఉత్తరానికి వచ్చాడు. ఉదయగిరి, కొండవీడు, కొండపల్లి, రాజమహేంద్రవరం. ఆ దారిలో దాదాపు చివరన వచ్చే కొండ మా సింహాచలం.

మాది అడివివరం. అంటే కొండ కిందే. అప్పన్న గుడికి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. ఎగ్జామ్స్ ముందు ఒకసారి, రిజల్ట్స్ తర్వాత ఒకసారి గ్యారంటీ. మీలో కూడా చాలామంది చందనోత్సవం రోజు క్యూలో నిలబడే ఉంటారు, గిరి ప్రదక్షిణకి 32 కిలోమీటర్లు నడిచే ఉంటారు. ఈసారి వెళ్ళినప్పుడు దర్శనం అయ్యాక బయటికి పరుగెత్తకుండా కొంచెం ఆగి చూడండి. మూడు ప్రాకారాలు, ఐదు ద్వారాలు, చుట్టూ కొండలు. బయట నుంచి చూస్తే గుడి అచ్చం కోటలాగే ఉంటుంది. లోపల రాళ్ళ మీద వందల శాసనాలు ఉన్నాయి. తెలుగు, సంస్కృతం, ఒరియా, తమిళం అన్నీ కలిసి ఒకే గోడల మీద. వాటిలో రాయలవి కూడా ఉన్నాయి. మొదటి దాని తేదీ మన లెక్కలో 1516 మార్చి 30. ఆయన 991 ముత్యాల హారం, వజ్రాల కడియాలు, శంఖచక్రాల పతకం, బంగారు పళ్ళెం అప్పన్నకి సమర్పించినట్టు, రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి కూడా పతకాలు ఇచ్చినట్టు రాసి ఉంది. 991 ఎందుకు, ఇంకో తొమ్మిది వేసి రౌండ్ ఫిగర్ చెయ్యొచ్చు కదా అని నాకు ఎప్పుడూ డౌటే.

రాయలు మన గుడికి వచ్చాడని ఊళ్ళో అందరం గర్వంగా చెప్పుకుంటాం. భక్తుడిగా వచ్చాడు, అది నిజమే. కానీ సైన్యంతో వచ్చాడు. 1516లో ఈ కొండ ఆయన రాజ్యం కాదు. ఒడిశా గజపతుల రాజ్యం. ఇప్పుడు మనం చూసే గుడిని 13వ శతాబ్దంలో కట్టించింది కూడా కోణార్క సూర్యదేవాలయం కట్టించిన గంగరాజు నరసింహదేవుడి కాలం వాళ్ళే. అంటే ఆ రోజు మా అడివివరంలో ఉన్న ఒక రైతుకి రాయలు తెలుగు వల్లభుడు కాదు, శత్రురాజు. దక్షిణం నుంచి ఏనుగులు, గుర్రాలు వస్తున్నాయని వినగానే ధాన్యం ఎక్కడ దాచాలా అని చూసి ఉంటాడు. ఇది నాకు తట్టిన దగ్గర్నుంచి ఈ మనిషిని సినిమా నుంచి బయటికి తీసి చూడాలనిపించింది. సెకండ్ ఇయర్ అయిపోయాక వేసవి సెలవుల్లో, ఆయన వచ్చిన వరసలోనే ఆ కోటలు చూడ్డానికి బయల్దేరాను. గుంటూరులో మా అత్త కొడుకు, అంటే మా బావ, బైక్‌తో సహా తోడొచ్చాడు.

ముందు మనిషి గురించి కొంచెం.

తండ్రి తుళువ నరస నాయకుడు, తల్లి నాగలాంబ. నరస నాయకుడు పుట్టుకతో రాజు కాదు, సేనాని. సాళువ వంశపు పిల్లల పేరు మీద రాజ్యం నడిపినవాడు. ఆయన పోయాక పెద్ద కొడుకు వీరనరసింహరాయలు గద్దె ఎక్కాడు. వీరనరసింహరాయలు చనిపోయే ముందు, తన చిన్న కొడుకుకి అడ్డు లేకుండా తమ్ముడు కృష్ణరాయల కళ్ళు పీకించమని మంత్రి తిమ్మరుసుకి చెప్పాడని, తిమ్మరుసు మేక కళ్ళు చూపించి రాయల్ని కాపాడాడని ఒక కథ ఉంది. కథే అనుకోండి. కానీ ఈ కళ్ళ సంగతి చివర్లో మళ్ళీ వస్తుంది.

1509లో పట్టాభిషేకం అయ్యేసరికి ఆయన ముందు పాత అప్పులు చాలా ఉన్నాయి. డబ్బు అప్పులు కాదు, కోటల అప్పులు. అంతకు ముందు రాజు సాళువ నరసింహరాయలు తాను గెలవలేకపోయిన మూడు కోటల్ని ఎలాగైనా తిరిగి సాధించాలని చెప్పి చనిపోయాడని, వాటిలో రాయచూరు, ఉదయగిరి ఉన్నాయని ఫెర్నావో నూనిజ్ అనే పోర్చుగీసు వ్యాపారి రాశాడు. ఈ నూనిజ్ రాయలు పోయిన కొన్నేళ్ళకి విజయనగరంలో ఉండి, విన్నవన్నీ రాసి పెట్టాడు. గుర్రాల వ్యాపారం చేసుకునేవాడు మనకి చరిత్ర రాసి పెట్టడం ఒక విచిత్రం. అయితే ఆయన చెప్పేవి అన్నీ శాసనాలతో సరిపోవు. అది కూడా గుర్తుపెట్టుకోండి.

ఉదయగిరికి నెల్లూరు నుంచి బస్సులో దాదాపు 100 కిలోమీటర్లు. ఊరు కింద ఉంది, కోట పైన ఉంది. మే నెలలో ఎక్కడం ఎవరికీ రికమెండ్ చెయ్యను. పొద్దున ఆరింటికి మొదలుపెడితే ఎనిమిదింటికే రాళ్ళు కాలుతున్నాయి. పైకి చూస్తే గోడ కొండని అంటుకుని పాములా పోతుంది. కొన్ని చోట్ల గోడ అక్కర్లేదు, నిలువు బండే గోడ. అక్కడ నిలబడితే నూనిజ్ లెక్కలు అర్థమవుతాయి. రాయలు 34,000 కాల్బలంతో, 800 ఏనుగులతో వచ్చాడట. లోపల ఉన్నది 10,000 మంది సైనికులు, 400 గుర్రాలు. అంతకన్నా ఎక్కువ మంది ఆ కోటకి అక్కర్లేదట. ఎందుకంటే దాన్ని ఆకలితో మాడ్చి తీసుకోవాలి తప్ప ఇంకో మార్గం లేదు. మా సీఎస్ఈ భాషలో చెప్పాలంటే పాస్‌వర్డ్ బ్రేక్ చెయ్యడం కుదరదు, డినయల్ ఆఫ్ సర్వీస్ ఒక్కటే గతి.

అలా ఏడాదిన్నర. కానీ రాయలు ఊరికే కూర్చోలేదు. కోటకి ఒకటే దారి, అది కూడా ఒక్కొక్క మనిషి మాత్రమే పట్టేంత సన్నం. దాన్ని రాళ్ళు పగలగొట్టించి వెడల్పు చేయించాడు. ఇంకా వేరే దారులు కూడా తొలిపించాడు, బురుజుల దగ్గర దాకా. నాకు ఇందులో నచ్చింది ఇదే. కత్తి తిప్పడం కాదు, రోడ్డు వెయ్యడం. సివిల్ బ్రాంచ్ వాళ్ళు కాలర్ ఎగరేసుకోవచ్చు. ఆ బండలు పగలగొట్టిన కూలీల పేర్లు మాత్రం ఏ శాసనంలోనూ లేవు. బావ ఒక బండ మీద కూర్చుని నీళ్ళ సీసా ఖాళీ చేస్తూ, ఏడాదిన్నర పాటు ఇన్ని వేల మందికి, 800 ఏనుగులకి మంచినీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చారో అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. యుద్ధం గురించి అంతకన్నా మంచి ప్రశ్న నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు.

1514లో ఉదయగిరి పడింది. కోటని కాపాడుతున్న తిరుమల రౌతరాయలు బందీ అయ్యాడు. అక్కడి గుళ్ళో ఉన్న బాలకృష్ణుడి విగ్రహాన్ని రాయలు విజయనగరం తీసుకెళ్ళి, దాని కోసమే పెద్ద గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠ చేయించాడు. హంపి వెళ్ళినవాళ్ళు చూసిన కృష్ణాలయం అదే. ఇప్పుడు ఆ గర్భగుడి ఖాళీగా ఉంటుంది. ఆ బాలకృష్ణుడు చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్నాడు. దేవుణ్ణి తీసుకెళ్ళడం భక్తా, ట్రోఫీయా? నాకు రెండూ అనిపిస్తుంది. ఉదయగిరి ఊరివాళ్ళని ఆ రోజు అడిగి ఉంటే ఏం చెప్పేవారో.

గెలవగానే రాయలు నేరుగా తిరుమల వెళ్ళాడు. 1514 జూలైలో 30,000 బంగారు నాణేలతో వెంకన్నకి కనకాభిషేకం చేశాడు. మొత్తం మీద ఏడుసార్లు తిరుమల ఎక్కాడు. ఇప్పటికీ అక్కడ లోపలికి వెళ్ళేటప్పుడు కుడిపక్క చేతులు జోడించి నిలబడ్డ రాగి విగ్రహాలు ఉంటాయి, మధ్యలో రాయలు, ఇరువైపులా ఇద్దరు రాణులు. క్యూ నెట్టేస్తూ ఉంటుంది కాబట్టి మూడు సెకన్ల కన్నా ఎక్కువ చూడలేం.

తర్వాతిది కొండవీడు. గుంటూరు నుంచి పాతిక కిలోమీటర్ల దూరం. ఇప్పుడు పైదాకా ఘాట్ రోడ్డు వేశారు, బైక్ మీద హాయిగా వెళ్ళిపోయాం. ఉదయగిరి తర్వాత ఇది కాస్త చీటింగ్‌లా అనిపించింది. పైన చెరువులు ఉన్నాయి, ఒకటి కాదు, వరసగా. రెడ్డిరాజులు ఇక్కడ రాజధాని పెట్టుకున్నారంటే ఈ నీళ్ళ వల్లే అయ్యుంటుంది. బావ ఉదయగిరి ప్రశ్నకి సగం సమాధానం ఇక్కడ దొరికింది. లోపల ఉన్నవాడికి చెరువు ఉంది, బయట ఉన్నవాడే నీళ్ళు మోసుకోవాలి.

అక్కడ ఒక చెరువు గట్టు మీద కూర్చున్నప్పుడు నాకు యూట్యూబ్‌లో చూసిన ఇటలీ గుర్తొచ్చింది. అక్కడ టస్కనీలో ఇలాంటి కొండ కోటల ఊళ్ళు చాలా ఉన్నాయి. మోంతెరిజ్జోని అనే చిన్న ఊరికి చుట్టూ గోడ, 14 బురుజులు, అన్నీ మధ్యయుగం నాటివే. గోడ లోపల ఇంకా మనుషులు ఉంటున్నారు, బట్టలు ఆరేస్తున్నారు, కాఫీ అమ్ముతున్నారు. మన దగ్గర యుద్ధాలు ఆగిపోయాక జనం కొండ దిగిపోయారు. పొలం కింద, రోడ్డు కింద, బస్సు కింద. పైన గోడలు మాత్రం మిగిలాయి. కొండవీడు ఊరు కూడా కొండ కిందే ఉంది. మనవాళ్ళే తెలివైనవాళ్ళేమో. రోజూ పాలప్యాకెట్ కోసం కొండ ఎక్కి దిగడం ఎవరి వల్ల అవుతుంది?

కొండవీటికి వచ్చే ముందు రాయల సైన్యం చుట్టూ ఉన్న చిన్న కోటలన్నీ తీసుకుంది. అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ, తంగెడ, కేతవరం. శాసనాల్లో ఈ లిస్టు వరసగా ఉంటుంది. పెద్ద కోటకి సాయం వచ్చే దారులన్నీ ముందు మూసేశారన్నమాట. కొండవీటి గోడలకి లగ్గలు పట్టించారని శాసనాలు చెప్తాయి. లగ్గ అంటే గోడ ఎత్తుకి కర్రలతో కట్టి పైకెక్కడం. 1515 జూన్ 23న కోట పడింది. లోపల దొరికినవాళ్ళలో గజపతి ప్రతాపరుద్రుడి కొడుకు వీరభద్రుడు ఉన్నాడు. యువరాజే చిక్కాడు.

ఈ వీరభద్రుడి గురించి రెండు రకాలుగా తెలుస్తుంది. నూనిజ్ చెప్పేది ఇది: కత్తిసాములో గొప్పవాడని విని రాయలు అతన్ని సభలో సాము చెయ్యమన్నాడు, ఎదురుగా రాజవంశం కాని ఒక మామూలు మనిషిని నిలబెట్టాడు, ఆ అవమానం తట్టుకోలేక వీరభద్రుడు ప్రాణం తీసుకున్నాడు. సినిమాకి పనికొచ్చే సీన్. కానీ కర్ణాటకలో దావణగెరె ప్రాంతంలో 1516 నాటి ఒక శాసనం ఉంది. దాని ప్రకారం వీరభద్రుడు బతికే ఉన్నాడు. రాయల కింద మలెబెన్నూరు సీమకి పాలకుడిగా ఉండి, అక్కడ పెళ్ళిళ్ళ మీద వసూలు చేసే పన్ను రద్దు చేశాడు. నాకు ఈ రెండోది పట్టుకుంది. పుట్టిన ఊరికి ఎంతో దూరంలో, భాష రాని చోట, తండ్రిని ఓడించిన రాజు ఇచ్చిన ఉద్యోగంలో ఉండి, ఊళ్ళో పిల్లల పెళ్ళిళ్ళకి పన్ను తీసేసిన కుర్రాడు. అతని వయసెంతో నాకు తెలుసుకోవాలని ఉంది.

కొండవీడు తర్వాత రాయలు అమరావతి వెళ్ళి అమరేశ్వరుడి ముందు తులాపురుషదానం చేశాడు, అంటే తన ఎత్తు బంగారం తూచి దానం ఇవ్వడం. ఇలా ప్రతి కోట తర్వాత ఒక గుడి. ఇది ఆయన పద్ధతి. కోటని తిమ్మరుసు చేతిలో పెట్టాడు.

కొండపల్లి మనందరికీ బొమ్మల వల్ల తెలుసు. తెల్ల పొణికి కర్రతో చేసే దశావతారాలు, ఏనుగు అంబారీ. మా ఇంట్లో షోకేసులో కూడా ఒక ఎడ్లబండి ఉంది. కోట ఊరికి పైన, విజయవాడ నుంచి గంట లోపే చేరతాం. కోట సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ముట్టడి కథ దాదాపు అదే. ఇక్కడ గజపతి రాణి ఒకరు, ఇంకో కొడుకు, కొందరు సేనానులు దొరికారని నూనిజ్ రాశాడు. పెద్ద కొడుకు పోయాడు, ఇప్పుడు భార్య, చిన్నకొడుకు కూడా. ప్రతాపరుద్రుడి వైపు నుంచి చూస్తే ఈ మూడేళ్ళు ఎలా గడిచి ఉంటాయో ఊహించుకోండి. ఆయన పూరీలో చైతన్య మహాప్రభువు శిష్యుడు, గొప్ప భక్తుడు. విచిత్రం ఏంటంటే, చైతన్యులు కూడా 1510 ప్రాంతంలో దక్షిణ యాత్రకి వస్తూ మా సింహాచలం ఎక్కారు. ఆరేళ్ళ తేడాలో ఇద్దరు అతిథులు. ఒకరు చేతాళాలతో, ఇంకొకరు ఏనుగులతో.

యుద్ధం మధ్యలోనే, ఈ కృష్ణా తీరంలోనే, రాయల జీవితంలో మనకి బాగా అవసరమైన సంఘటన జరిగింది. విజయవాడలో కొన్ని రోజులు ఉండి ఆయన శ్రీకాకుళం వెళ్ళాడు. మన వైపున్న జిల్లా శ్రీకాకుళం కాదు, కృష్ణా జిల్లాలో ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న శ్రీకాకుళం. ఏకాదశి ఉపవాసం ఉన్న రాత్రి కలలో ఆ దేవుడు కనిపించి తన కోసం తెలుగులో కావ్యం రాయమన్నాడని ఆముక్తమాల్యద మొదట్లో ఆయనే చెప్పుకున్నాడు. అప్పటికే రాయలు సంస్కృతంలో పుస్తకాలు రాశాడు. ఆ సంగతి కూడా దేవుడే గుర్తుచేసి, మరి తెలుగులో ఎందుకు రాయవని అడుగుతాడు. తెలుగు గొప్పతనం మీద అందరూ ప్రతి ఫంక్షన్‌లో చెప్పే పద్యం అక్కడిదే. నేను ఇక్కడ రాయను, మీకు నోటికొచ్చు.

ఆ పద్యం కన్నా ఆ సీన్ నాకు దగ్గరగా అనిపించింది. ఆయన ఇంటి పేరే తుళువ. రాజధాని చుట్టూ కన్నడం. చదువు సంస్కృతం. నాది పుట్టుకతో తెలుగు, చదువు మొత్తం ఇంగ్లీష్ మీడియం, ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం. మన క్లబ్‌లో సగం మంది కేసు ఇదే. ఆముక్తమాల్యద చదువుదామని తెరిచి, మొదటి పేజీకే నిఘంటువు యాప్ వేడెక్కింది. తాతయ్య పక్కన కూర్చుని అర్థం చెప్తే ముందుకి కదిలింది. వానాకాలం వర్ణన దగ్గర ఆశ్చర్యపోయాను. అంత పెద్ద రాజు, తడిసిన కట్టెలతో పొయ్యి రాజేయడానికి ఆడవాళ్ళు పడే అవస్థ చూసి రాశాడు. సభలో కూర్చుంటే అది కనిపించదు. మూడేళ్ళు వానల్లో గుడారాల్లో ఉన్నవాడికి కనిపిస్తుందేమో. ఇది నా థియరీ, ఎవరూ ఒప్పుకోనక్కర్లేదు. అదే పుస్తకంలో రాజనీతి చెప్తూ కోటల్ని ఎవరి చేతిలో పెట్టాలో కూడా రాశాడు, నమ్మకమైన బ్రాహ్మణుల్ని దుర్గాధిపతులుగా పెట్టమంటాడు. కొండవీటిలో చేసింది అదే. చెరువులు, కాలువలు తవ్వించడం గురించి కూడా చెప్తాడు.

కృష్ణ దాటాక తెలంగాణ వైపు నల్గొండ, ఖమ్మం లాంటి కోటలు, తర్వాత రాజమహేంద్రవరం. ఇవన్నీ దాటి 1516 మార్చి నెలాఖరుకి సింహాచలం. గుడి మీద దాడి జరగలేదు. దోపిడీ జరగలేదు. గెలిచిన రాజు ఓడిన రాజు దేవుడికి ముత్యాలు వేశాడు. ఉదయగిరిలో విగ్రహం తీసుకెళ్ళినవాడు ఇక్కడ ఇచ్చి వెళ్ళాడు. ఎందుకు ఈ తేడా? నాకు తోచింది చెప్తాను. ఉదయగిరి తమదేనని, గజపతులు లాక్కున్నారని విజయనగరం వాళ్ళ లెక్క. అది వెనక్కి తెచ్చుకున్న ఆస్తి. సింహాద్రి ఎప్పుడూ వాళ్ళది కాదు. ఇక్కడ ఆయన అతిథి, సైన్యంతో వచ్చిన అతిథి. అతిథి చేతిలో ఏదో ఒకటి పట్టుకునే రావాలి. 1519లో ఇంకో శాసనం ఉంది, అది గుడికి గ్రామాలు దానం ఇచ్చిన శాసనం. సింహాద్రి ప్రాంతంలోనే పొట్నూరులో జయస్తంభం కూడా వేయించాడు. ఆ సంగతి ఆముక్తమాల్యదలోనూ ఉంది.

ఇదంతా చెప్పినప్పుడు తాతయ్య పెద్దగా ఆశ్చర్యపోలేదు. గుడి కింద భూములు దున్నినవాళ్ళకి రాజు ఎవరైనా పంటలో వాటా ఇవ్వడం తప్పదు కదా అన్నారు. దానం ఇచ్చిన గ్రామం అంటే అందులో మనుషులు కూడా ఉంటారు అని ఆయన అంటేగానీ నాకు తట్టలేదు. రాయి మీద ఊరి పేరు ఉంటుంది, ఊళ్ళోవాళ్ళు ఉండరు.

ఆ తర్వాత జరిగిందే ఈ మొత్తం కథలో నన్ను ఆపేసింది. ప్రతాపరుద్రుడు సంధికి వచ్చాడు. కూతుర్ని ఇచ్చి పెళ్ళి చేశాడు. రాయలు కృష్ణా నదికి ఉత్తరాన గెలిచిందంతా తిరిగి ఇచ్చేశాడు. మొత్తం. కొండపల్లి, ఖమ్మం, రాజమహేంద్రవరం, సింహాచలం. ఉదయగిరి, కొండవీడు మాత్రం ఉంచుకున్నాడు. అంటే మన కొండ మీద ఆయన రాజ్యం నిలబడింది కొద్దికాలమే. ఆటలో గెలిచిన మ్యాప్‌ని సేవ్ చెయ్యకుండా ఎగ్జిట్ కొట్టినట్టు. కానీ ఆలోచిస్తే అందులో లెక్క ఉంది. పడమట బీజాపూరు సుల్తాను ఉన్నాడు, రాయచూరు ఇంకా బాకీ ఉంది. హంపి నుంచి సింహాచలం దాకా ఇన్ని కోటల్లో కాపలా పెట్టాలంటే ఎంత సైన్యం, ఎంత తిండి? మొత్తం మీద కృష్ణ నదిని హద్దు చేసుకుని, మామగారిని మిత్రుణ్ణి చేసుకుని వెనక్కి తిరిగాడు.

ఆ పెళ్ళికూతురి మాట కూడా చెప్పాలి. రెండు రాజ్యాల మధ్య సంతకం ఆ అమ్మాయే. పుస్తకానికో పేరు ఉంది ఆవిడకి. రాయలు సరిగ్గా చూసుకోలేదని, కంభంలో వేరుగా ఉండిపోయిందని, అక్కడి పెద్ద చెరువు ఆవిడ కట్టించిందేనని చెప్పుకుంటారు. ప్రకాశం జిల్లా ఫ్రెండ్స్ ఆ చెరువు చూసే ఉంటారు. సముద్రంలా ఉంటుంది. 991 ముత్యాలకి లెక్క రాసిపెట్టిన వాళ్ళు ఈ అమ్మాయి పేరు ఒకేలా రాసిపెట్టలేకపోయారు.

1520లో రాయచూరు. ఇది కొండ ముట్టడి కన్నా పెద్ద యుద్ధం. బీజాపూరు ఇస్మాయిల్ ఆదిల్‌షా సైన్యాన్ని మైదానంలో ఓడించాక, కోట గోడ మీద ఉన్నవాళ్ళని క్రిస్తోవావ్ దె ఫిగెయిరెదో అనే పోర్చుగీసు అతను తన తుపాకీ మనుషులతో కొట్టించాడు. ఉదయగిరిలో ఏడాదిన్నర పట్టిన పని తుపాకులొచ్చాక ఎంత తొందరగా అవుతుందో అక్కడ తెలిసింది. కొండ కోటల కాలం అయిపోవస్తోందని రాయలకి అర్థమైందో లేదో గానీ పాత బాకీ మాత్రం తీరింది.

ఆ రోజుల్లోనే డొమింగో పేస్ అనే ఇంకో పోర్చుగీసు ఆయన విజయనగరంలో రాయల్ని కళ్ళారా చూసి రాశాడు. ఎన్టీఆర్ ఇమేజ్ ఇక్కడ పూర్తిగా పోతుంది. మనిషి మధ్యరకం ఎత్తు, తెల్లగానే ఉంటాడు, కొంచెం బొద్దు, ముఖం మీద స్ఫోటకం మచ్చలు. తెల్లవారకముందే లేచి నువ్వుల నూనె తాగి, ఒంటికి నూనె పట్టించుకుని, బరువులు ఎత్తి, కత్తి తిప్పి, నూనె అంతా చెమటగా పోయేదాకా కసరత్తు చేసి, కుస్తీ పట్టి, తర్వాత గుర్రం ఎక్కి మైదానంలో తిప్పేవాడట. సరదా మనిషి, కానీ కోపం వస్తే ఆగడు. పేస్ చెప్పిన ఈ ఆఖరి ముక్కని పక్కన పెట్టుకోండి.

హంపి దగ్గర పెద్ద చెరువు కట్టించడానికి గోవా నుంచి జోవో దెల్లా పోంతె అనే ఇంజనీరుని పిలిపించాడు. కట్ట పదే పదే తెగిపోతే బ్రాహ్మణుల్ని అడిగాడని, వాళ్ళ సలహాతో అక్కడ మనుషుల్ని, జంతువుల్ని బలి ఇచ్చారని పేస్ రాశాడు. తెలుగు వెలుగు అని మనం చెప్పుకునే రాజు కాలంలోనే ఇది కూడా. నాకు ఇది చదివినప్పుడు లాప్‌టాప్ మూసేసి కాసేపు బయటికి వెళ్ళాలనిపించింది. అయినా రాయకుండా వదిలేస్తే మళ్ళీ సినిమా రాయలే మిగులుతాడు.

చివరి ఐదేళ్ళు బాధగా ఉంటాయి. తిరుమలదేవికి పుట్టిన కొడుకు తిరుమలరాయలికి ఆరేళ్ళప్పుడే, 1524లో, యువరాజ పట్టాభిషేకం చేశాడు. ఆ పిల్లాడు కొన్ని నెలలకే చనిపోయాడు. తిమ్మరుసు కొడుకే విషం పెట్టించాడని రాయలకి అనుమానం వచ్చిందని నూనిజ్ చెప్తాడు. తండ్రిలా అప్పాజీ అని పిలిచిన మనిషిని, కొండవీటి కోటని చేతిలో పెట్టిన మనిషిని, కుటుంబంతో సహా జైల్లో వేయించాడు. కళ్ళు తీయించాడు. తమ్ముడి కళ్ళు కాపాడటానికి మేక కళ్ళు చూపించాడని చెప్పే కథలో ఉన్నది ఇదే తిమ్మరుసు. పెనుకొండలో ఇప్పటికీ ఆయన సమాధి అని ఒకటి చూపిస్తారు. మహామంత్రి తిమ్మరుసు సినిమాలో గుమ్మడిని చూసి మా నానమ్మ ఇప్పటికీ కళ్ళు తుడుచుకుంటుంది.

రాయలు మళ్ళీ పెద్ద యుద్ధానికి వెళ్ళలేదు. బెళగాం మీదికి వెళ్ళాలని అనుకుంటూనే జబ్బు పడ్డాడు. రాజ్యం ఏలే వయసున్న కొడుకు లేడు, తమ్ముడు అచ్యుతరాయలికి రాజ్యం అప్పజెప్పాడు. కొండపల్లి, కొండవీడు రెండూ ఆ శతాబ్దంలోనే గోల్కొండ సుల్తానుల చేతికి పోయాయి. విజయనగరం 1565లో కూలింది.

ఆయన సరిగ్గా ఏ రోజు పోయాడో చాలాకాలం తెలియలేదు. 2022లో కర్ణాటకలో తుమకూరు జిల్లా హొన్నేనహళ్ళిలో ఒక శాసనం బయటపడింది. 1529 అక్టోబర్ 17, ఆదివారం, చంద్రగ్రహణం రోజు రాయలు మరణించాడని అందులో ఉంది. పక్కనే, ఒక గుడిలో పూజల కోసం ఆ ఊరు దానంగా ఇచ్చినట్టు కూడా రాసి ఉంది.